మంగళవారం కడుపునొప్పి: ఆరో తరగతిలో చేరిన ఒక తండా పిల్లవాడి కేసు

ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు జూలై, ఆగస్టు నెలల్లో బడికి పోనని మొండికేస్తే మన దగ్గర అందరి నోటా వచ్చే కారణాలు నాలుగే. ఇంగ్లీషు మీడియం అర్థం కావట్లేదు, హిందీ కొత్త, ఇంట్లో గారాబం ఎక్కువ, తల్లిదండ్రులు దగ్గర లేరు. చాలాసార్లు ఇవి నిజమే. ఈ పిల్లవాడి విషయంలోనూ నాలుగూ అంతో ఇంతో నిజమే, కానీ వాటిలో దేన్ని సరిచేసినా వాడు బడికి రాలేదు. అసలు సంగతి టైంటేబుల్లో, మేడమెట్ల మీద, నీళ్ల కుళాయి దగ్గర ఉంది. అక్కడిదాకా ఎలా చేరామో, ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తే ఇలాంటి పిల్లలున్న టీచర్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను.

నేను నల్లగొండ జిల్లాలో బడి పిల్లలతో పనిచేసే కౌన్సెలర్‌ని. పిల్లవాణ్ణి ఇక్కడ చందు అంటాను, అది అసలు పేరు కాదు. ఊరిని, బడిని, ఇంటివాళ్లను గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇంట్లోవాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

చందుకు పదకొండేళ్లు. దేవరకొండ వైపు ఒక తండా. ఐదో తరగతి దాకా తండాలోని ప్రాథమిక పాఠశాలలోనే చదివాడు. ఒక గది, ఒక వరండా, ఇరవై మందికి కాస్త అటూ ఇటూగా పిల్లలు, ఐదు తరగతులకూ కలిపి ఒకే సారు. ఆ సారుకు లంబాడీ భాష వచ్చు, తండాలో ఎవరి ఇల్లు ఎక్కడో తెలుసు, ఎవరైనా రాకపోతే ఇంటి ముందుకొచ్చి పిలిచే మనిషి. చందు అమ్మానాన్న హైదరాబాదులో బిల్డింగ్ పనుల్లో ఉంటారు, పండుగలకు వస్తారు. చందూ, వాడి చెల్లె నాయినమ్మ దగ్గర పెరుగుతున్నారు. మా వైపు తండాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి, పిల్లవాడికి ఏ ఇబ్బంది వచ్చినా దాన్ని అమ్మానాన్నల వలసకు ముడిపెట్టేయడం అందరికీ అలవాటైపోయింది.

పాత సారుతో ఫోన్లో మాట్లాడాను. లెక్కలు చురుగ్గా చేస్తాడని, తెలుగు చదవడం కొంచెం నెమ్మదని, బడి మానడం మాత్రం ఎరగడని చెప్పారు. ఈ చివరి మాట నాకు ముఖ్యం. ఐదేళ్లు బడి మానని పిల్లవాడికి బడి అంటేనే పడదని అనుకోవడానికి లేదు.

జూన్ 12న బడులు తెరిచాక రికార్డు షీటు పట్టుకుని మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాడు. మూడు వందలకు పైగా పిల్లలు, రెండు బ్లాకులు, అందులో ఒకదానికి మేడ. ఆరు సబ్జెక్టులకు ఆరుగురు టీచర్లు. హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతుంది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. చందుకు తెలుగు కూడా ఇంటి భాష కాదు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, దాని పైన ఇప్పుడు హిందీ. ఇంత భారం పడుతున్న పిల్లవాడు బడికి పోనంటే చదువే కారణమని ఎవరైనా అనుకుంటారు.

వచ్చిన సమస్య

ఆగస్టు చివర్లో హెడ్మాస్టర్ సార్ పిలిచారు. నెల రోజులుగా చందు వారంలో సగం రోజులు రావట్లేదు. పొద్దున లేవగానే కడుపునొప్పి అంటాడు, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు, బస్సు వెళ్లిపోయాక పది, పదకొండు గంటలకల్లా మామూలైపోతాడు, మేకల వెంట పోతాడు. ఆదివారం ఏ నొప్పీ ఉండదు. స్టాఫ్‌రూమ్‌లో ఎక్కువమంది దీన్ని నాటకం అనే అనుకుంటున్నారు.

బడి ఎగ్గొట్టడం, బడికి పోలేకపోవడం ఒకటి కాదు. ఎగ్గొట్టే పిల్లలు ఇంట్లో బడికని చెప్పి బయలుదేరి ఇంకెక్కడికో పోతారు, సంగతి ఇంట్లో తెలియనివ్వరు, ఒంట్లో ఏ బాధా ఉండదు. పోలేని పిల్లలు అందరికీ తెలిసేలా ఇంట్లోనే ఉంటారు, పొద్దున్నే ఒంట్లో ఏదో ఒకటి మొదలవుతుంది, ఒత్తిడి తీరాక తగ్గుతుంది. చందుది రెండో రకం. ఇలాంటి పిల్లల విషయంలో నేను అమెరికా సైకాలజిస్టులు క్రిస్టఫర్ కియర్నీ, వెండీ సిల్వర్‌మన్ 1990 నుంచి చెబుతూ వచ్చిన పద్ధతిని ఆధారం చేసుకుంటాను. మానేయడం వల్ల పిల్లకు ఏం దక్కుతోందో చూడాలని వాళ్లంటారు. బడిలో భయపెట్టే వస్తువో చోటో తప్పుతోందా, నలుగురి ముందు నిలబడే బాధ తప్పుతోందా, ఇంట్లోవాళ్ల దగ్గరితనం దొరుకుతోందా, లేక బయట ఆట, ఫోను లాంటి సుఖం దొరుకుతోందా. ఒకే పిల్లలో రెండు మూడు కలిసి ఉండొచ్చు. మందు మాత్రం దేనికదే వేరు.

మొదట కాలం లెక్క చూశాను. కొత్త బడి అంటేనే భయమైతే అది జూన్‌లో ఎక్కువగా ఉండి, అలవాటయ్యేకొద్దీ తగ్గాలి. చందు విషయంలో తలకిందులైంది. జూన్ అంతా, జూలైలో చాలా భాగం బాగానే వచ్చాడు. జూలై చివర మొదలైంది. అంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి.

తర్వాత అటెండెన్స్ రిజిస్టర్ అడిగాను. ఎన్ని రోజులు రాలేదన్నది అందరూ చూస్తారు, సోమ, మంగళ అంటూ ఏయే వారాల్లో రాలేదన్నది చూసేవాళ్లు తక్కువ. నెల రోజుల గైర్హాజరును వారాల వారీగా రాసి చూస్తే దాదాపు అన్నీ మంగళ, గురు, శనివారాలే. సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తున్నాడు. దీనికి స్టాఫ్‌లో ఒక వివరణ సిద్ధంగా ఉంది. మధ్యాహ్న భోజనంలో ఆ బడిలో గుడ్డు పెట్టేది సోమ, బుధ, శుక్రవారాల్లో, కాబట్టి వాడు గుడ్డు కోసమే వస్తున్నాడన్నారు. ఇంకొకరు హిందీ అన్నారు, ఎందుకంటే మంగళ, గురు, శని మొదటి పీరియడు హిందీ. రెండు మాటలూ రిజిస్టర్‌తో సరిపోతాయి. ఒకే లెక్కకు రెండు కారణాలు సరిపోతున్నప్పుడు నచ్చినదాన్ని నమ్మేయకుండా, రెంటినీ విడదీసే సందర్భం కోసం చూడాలి.

ఏమేం చేసి చూశారు

నేను వెళ్లే ముందే కొన్ని జరిగాయి. నాయినమ్మ పీహెచ్‌సీకి తీసుకుపోయింది. డాక్టరు చూసి ప్రమాదమేమీ లేదని మాత్రలిచ్చారు, నులిపురుగుల మాత్ర అప్పటికే బడిలో వేశారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలు కడుపునొప్పి అన్నప్పుడు మొదట డాక్టరుకు చూపించాల్సిందే. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు, ఎప్పుడూ ఒకే పక్కన నొప్పి, వీటిలో ఏది ఉన్నా కౌన్సెలింగ్ సంగతి తర్వాత. చందుకు ఇవేవీ లేవని నేనూ మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాను. అయితే ప్రమాదం లేదన్న డాక్టరు మాట ఇంటికీ బడికీ చేరేసరికి నొప్పే లేదన్నట్టుగా మారింది. అప్పటినుంచి వాడు నొప్పి అంటే ఎవరూ నమ్మలేదు, నమ్మట్లేదని వాడికీ అర్థమైంది.

నాన్న హైదరాబాదు నుంచి వచ్చాడు. తిట్టి, రెండు తగిలించి, బండి మీద బడిలో దింపాడు. ఆయన ఉన్నన్ని రోజులు వచ్చాడు, ఆయన వెళ్లిన మర్నాడే వాంతి. నాన్నను నేను తప్పుపట్టలేదు. పని మానుకుని, కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి, కొడుకు చదువు చెడుతుందన్న భయంతో చేశాడు. అయితే పిల్లవాడు వచ్చింది నాన్నకు భయపడి, బడి భయం ఎక్కడిదక్కడే ఉంది. పెద్ద భయం పక్కకు తప్పుకోగానే చిన్నది మళ్లీ పైకొచ్చింది.

బడివాళ్లు తొమ్మిదో తరగతిలో చదివే అదే తండా అబ్బాయికి చందును వెంటబెట్టుకొచ్చే పని అప్పజెప్పారు. మంచి ఆలోచనే, చాలా బడుల్లో పనిచేస్తుంది. ఇక్కడ మాత్రం చందు ఆ అబ్బాయిని చూస్తేనే ఇంటి వెనక్కి పోయేవాడు. ఇది విన్నప్పుడు నాకు వింతగా అనిపించి నోట్సులో రాసుకున్నాను, అర్థమైంది తర్వాతే.

హిందీ సంగతి తేల్చుకోవాలని సారుతో మాట్లాడాను. ఆయన మనసున్న మనిషి, వెంటనే ఒప్పుకున్నారు. చందును నిలబెట్టి చదివించనని, అక్షరాలు విడిగా నేర్పిస్తానని వాడికే స్వయంగా చెప్పారు. చందు తలూపాడు, సోమవారం నవ్వుతూనే మాట్లాడాడు, మంగళవారం రాలేదు. ఆ తర్వాతి వారం హిందీ సార్ సెలవులో ఉన్నారు. సారు రారని పిల్లలందరికీ ముందే తెలుసు. ఆ మంగళవారమూ చందు రాలేదు. దాంతో హిందీ కారణం పక్కకు పోయింది. హిందీ వాడికి కష్టమే, అయినా వాడిని ఇంట్లో ఆపుతున్నది అది కాదు.

ఇదే సమయంలో నాన్న ఫోన్ చేసి, వీణ్ణి ఆశ్రమ పాఠశాలలో వేస్తాను, అక్కడైతే తప్పించుకోలేడు అన్నాడు. దసరా దాకా ఆగమని అడిగాను. ఆశ్రమ పాఠశాలలు చెడ్డవని కాదు, చాలామంది తండా పిల్లలకు అవే దారి చూపాయి. కారణం తెలియకుండా చోటు మారిస్తే ఆ కారణం కొత్త చోటికీ వెంట వస్తుంది, అప్పుడు రాత్రి పక్కన నాయినమ్మ కూడా ఉండదు. దసరాలోగా తేలకపోతే ఆయన ఇష్టప్రకారమే చేద్దామని మాటిచ్చాను. గడువు లేకుండా ఆగమంటే ఆ స్థితిలో ఏ తండ్రీ ఆగడు.

దారి ఎక్కడ దొరికింది

వంటామె దగ్గర దొరికింది. మధ్యాహ్న భోజనం వండే ఆమెది పక్క తండా. వచ్చిన రోజుల్లో చందు వంటగది దగ్గరే తిరుగుతుంటాడని, అక్కడ లంబాడీలో మాట్లాడుకుంటారని గమనించి ఆమె దగ్గర కూర్చున్నాను. గుడ్డు మాట ఎత్తగానే ఆమెకు కోపం వచ్చింది. "గుడ్డు కోసం ఎందుకొస్తడు మేడం, వాడు గుడ్డు తినడు, పక్క పిలగానికిస్తడు" అంది. తర్వాత తనంతట తానే ఇంకో మాట అంది. "అన్నం మంచిగనే తింటడు గని నీళ్లు ముట్టడు. కూర కారమైనా సరే, ఒక్క గుక్క తాగడు. ప్లేటు కడిగి ఉరుకుతడు."

పదకొండేళ్ల పిల్లవాడు ఎండలో అన్నం తిని నీళ్లు తాగకపోవడానికి నాకు తెలిసి ఎక్కువగా ఒకటే కారణం ఉంటుంది. మూత్రానికి పోవాల్సి రాకూడదని. ఆడపిల్లల్లో ఇది చాలా చూశాను, మగపిల్లల్లో తక్కువ. అయితే బాత్రూముకు పోకూడదని ఎందుకనుకుంటున్నాడు, మంగళ, గురు, శనివారాలకూ దీనికీ సంబంధమేంటి అన్నది ఇంకా తెలియదు.

అప్పటిదాకా అందరూ వాణ్ణి ఒకటే ప్రశ్న అడిగారు, బడికి ఎందుకు పోవు అని. ఈ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఉన్నా అది చెప్పుకోలేనిదై ఉంటుంది, అందుకే కడుపు చూపిస్తారు. నేను ఎందుకు అన్న మాట వదిలేశాను. ఒక బుధవారం సాయంత్రం, పిల్లలంతా వెళ్లిపోయాక, వంటామెను కూడా తోడుండమని, చందుతో "నాకు ఈ బడి కొత్త బిడ్డా, నువ్వు పొద్దున వచ్చినకాడి నుంచి ఏడేడ తిరుగుతవో నాకు చూపియ్యి" అన్నాను. ఇంటి భాషలో చెప్పాలనిపిస్తే ఆమెకు చెప్పమన్నాను. గేటు దగ్గర మొదలుపెట్టాం. ప్రేయర్‌లో ఎక్కడ నిలబడతాడు, బ్యాగు ఎక్కడ పెడతాడు, మొదటి పీరియడు, రెండో పీరియడు, ఇంటర్వెల్. ఇంటర్వెల్‌లో ఎటు పోతావంటే బాత్రూముల వైపు చూశాడు గానీ కదల్లేదు. తర్వాత అందరూ మేడ మీదికి పోతారన్నాడు. మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎక్కమని అనలేదు. మెట్ల కిందే ముగ్గురం కూర్చున్నాం, చాలాసేపు ఎవరం మాట్లాడలేదు, ఆ తర్వాత వాడు ఆమెతో లంబాడీలో మొదలుపెట్టాడు.

సంగతి ఇదీ. పెద్ద డిజిటల్ స్క్రీన్ ఉన్న గది మేడ మీద తొమ్మిదో తరగతి ఒక సెక్షన్‌ది. మంగళ, గురు, శనివారాల్లో మూడో పీరియడు ఆ సెక్షన్‌వాళ్లు గ్రౌండుకు దిగుతారు, ఆ గంట ఆరో తరగతికి సైన్స్ పాఠం అక్కడ పెడతారు. ఈ ఏర్పాటు జూలైలో మొదలైంది. జూలై చివర ఒక రోజు ఇంటర్వెల్‌లో చందు బాత్రూముకు పోయాడు. అక్కడ లైను పెద్దది, గంట కొట్టాక తిరిగొచ్చాడు. వచ్చేసరికి క్లాసు ఖాళీ. బ్యాగులున్నాయి, మనుషులు లేరు. ఐదేళ్లు ఒకే గదిలో చదివిన పిల్లవాడికి తరగతి గది మారుతుందన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు, టైంటేబులు బోర్డు మీద ఇంగ్లీషులో పొట్టి అక్షరాల్లో ఉంది, గది సంగతి అందులో లేనే లేదు. వెతుక్కుంటూ మేడ ఎక్కి, పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి ఇంకో సెక్షన్ తలుపు తీశాడు. పాఠం నడుస్తోంది. ఏం కావాలని ఇంగ్లీషులో అడిగారు. కంగారులో వాడి నోట లంబాడీ మాట వచ్చింది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి మెట్ల మీద వీళ్లు ఎక్కుతుంటే, గ్రౌండుకు దిగే తొమ్మిదో తరగతివాళ్లలో కొందరు ఆ మాటను ఎగతాళిగా అనేవాళ్లు. ఇంట్లో మాట్లాడుకునే మాటను అలా అనడం వాడిని ఎంత కోసిందో చెప్పేటప్పుడు వాడి మొహం చూస్తే తెలిసింది. వెంటబెట్టుకు రమ్మన్న తండా అబ్బాయిది చందు తలుపు తీసిన ఆ సెక్షనే. అతను నవ్వలేదట. తల దించుకున్నాడట. చందుకు అతన్ని చూస్తే ఆ గది గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత చందు తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. ఇంటర్వెల్‌లో బెంచీ వదలకూడదు. వదలకుండా ఉండాలంటే బాత్రూము అవసరం రాకూడదు, అంటే నీళ్లు తాగకూడదు. పొద్దున బస్సు తొందరలో దొడ్డికి పోకుండానే బయలుదేరతాడు, సాయంత్రం దాకా ఆపుకుంటాడు. నొప్పి నిజంగానే ఉంది. దేవరకొండలో పిల్లల డాక్టరుకు ఈ వివరమంతా చెప్పి చూపిస్తే మూత్ర పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ లేదని, మలబద్ధకం బాగా ఉందని సిరప్ రాశారు. మొదటిసారి చూపించినప్పుడు ఈ సంగతులు చెప్పేవాళ్లు లేరు కాబట్టి బయటపడలేదు. ఒంటి బాధ రోజూ ఉంది, మంగళ, గురు, శనివారాల్లో దానికి మెట్ల భయం తోడైంది.

అమ్మానాన్నలు దూరంగా ఉండటానికీ, ఖాళీ గదిని చూసి అంతగా బెదిరిపోవడానికీ సంబంధం ఉందా అని ఒక టీచర్ అడిగారు. ఉండొచ్చు. నేను ఆ దారిలో పోలేదు. వాళ్లను వెనక్కి రప్పించడం నా చేతిలో లేదు, మెట్లు, తలుపు, టైంటేబులు బడి చేతిలో ఉన్నాయి.

పనిచేసినవి

ముందు ఒంటి సంగతి. సిరప్, నీళ్లు, పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు దొడ్డికి కూర్చోవడం. దీనికోసం నాయినమ్మ వాణ్ణి అరగంట ముందు లేపడం మొదలుపెట్టింది. నొప్పి ఉన్నంతకాలం భయం మాట ఎంత మాట్లాడినా లాభం ఉండదు, పొద్దున్నే కడుపు పట్టేస్తే చాలు, పాత లెక్కంతా గుర్తొస్తుంది. అందుకే ఇది మొదట చేశాం. బడిలో పీరియడు మధ్యలోనైనా అడక్కుండా బాత్రూముకు పోవచ్చని ఆరో తరగతి మొత్తానికి చెప్పించాం. ఒక్క చందుకే చెబితే మళ్లీ అందరి కళ్లూ వాడి మీదే.

తర్వాత తలుపు. హెడ్మాస్టర్ సార్ చేసిన ఒక చిన్న ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. తరగతి వేరే గదికి పోయేటప్పుడు తలుపుకు ఒక పలక తగిలించి, ఎక్కడికి పోతున్నారో తెలుగులో రాసి పోవాలి. రాసే పని వారానికొకరిది. మొదటి వారం చందుకు ఇద్దామని క్లాస్ టీచర్ అన్నారు, నేను వద్దన్నాను. ఇంకా రోజూ రాలేని పిల్లవాడికి బాధ్యత ఇస్తే, రాని రోజు అది కూడా ఒక తప్పై కూర్చుంటుంది. వాడి వంతు నాలుగో వారంలో వచ్చేలా చూశాం. టైంటేబులు కూడా పిల్లలందరూ తెలుగులో రాసుకున్నారు, పీరియడు పక్కనే గది పేరుతో సహా. చందు దాన్ని నోటుబుక్కు అట్టకు అంటించుకున్నాడు. తీరా చూస్తే క్లాసులో సగం మందికి రేపు మూడో పీరియడు ఏంటో అప్పటిదాకా సరిగ్గా తెలియదు, అందుకే అందరూ అన్ని పుస్తకాలూ మోసుకొస్తున్నారు.

మెట్ల మీద ఎగతాళి విషయంలో వాదన జరిగింది. ప్రేయర్‌లో అందరి ముందు క్షమాపణ చెప్పించాలని ఒకరిద్దరు టీచర్లు పట్టుబట్టారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అలా చేస్తే ఆ రోజు జరిగింది తెలియని రెండు వందల మందికి కూడా తెలుస్తుంది, చందు మళ్లీ వేదికెక్కినట్టు అవుతుందని వద్దన్నాను. తొమ్మిదో తరగతిలో ఆ మాట అంటున్న పిల్లల్ని హెడ్మాస్టర్ సార్ విడివిడిగా పిలిచి మాట్లాడారు. చందు పేరు తీయలేదు, ఇంటి భాషను వెక్కిరించడం ఈ బడిలో నడవదని మాత్రం స్పష్టంగా చెప్పారు. పీఈటీ సారు ఆ మూడు రోజులూ మెట్ల దగ్గర నిలబడి, ముందు పైవాళ్లు దిగాకే కిందివాళ్లు ఎక్కేలా చూశారు. నా లెక్కలో ఈ రెండో పనే ఎక్కువ సాయపడింది. ఇరుకు మెట్ల మీద చిన్నా పెద్దా ఎదురెదురుగా రాసుకుంటూ పోవడం ఆగిపోయాక ఆ మాట అనే అవకాశమే తగ్గింది.

తిరిగి రావడం మెట్టు మెట్టుగా జరిగింది. మధ్యాహ్నం దాకా ఉండి ఇంటికి పోతాడులే అని నాయినమ్మ అడిగింది, నేను ఒప్పుకోలేదు. సగం రోజుకు ఇంటికి పంపితే ఇంటికి పోవడమే బహుమతి అవుతుంది, తర్వాత ఆ సగం కూడా పోతుంది. రోజంతా బడిలోనే ఉండాలి, కష్టమైన ఆ ఒక్క పీరియడు మాత్రం మొదట వేరుగా. మొదటి మంగళవారాల్లో మూడో పీరియడు లైబ్రరీ గదిలో లెక్కలు చేసుకున్నాడు. తర్వాత ఎవరూ లేని సమయంలో వంటామెతో మెట్లెక్కి దిగాడు. ఆ తర్వాత క్లాసు కంటే ముందే సైన్స్ మేడంతో పైకి పోయి, వైర్లు కలిపే పనిలో సాయం చేస్తూ, మిగతావాళ్లు వచ్చేసరికి తలుపు దగ్గరి బెంచీలో కూర్చున్నాడు. చివరికి అందరితో కలిసి. ముందుకు పోవాలా ఆగాలా అన్నది ప్రతిసారీ వాడినే అడిగాం. వెనక్కి పోవడం మాత్రం లేదని ముందే చెప్పాం. ఒక మెట్టు దగ్గర ఎన్ని రోజులైనా ఆగొచ్చు, దిగిపోకూడదు. ఇది కఠినంగా అనిపించొచ్చు. భయం ఎక్కువైనప్పుడల్లా దిగిపోతే, దిగిపోవడమే మందు అని ఒళ్లు నేర్చుకుంటుంది.

ఇంట్లో రెండు మార్పులు. మానిన రోజు మేకల వెంట పోవడం, ఫోను చూడటం ఉండవు. తిట్లూ ఉండవు. నొప్పి అంటే పడుకోవాలి, అంతే. రెండోది నాన్న ఫోను. రోజూ రాత్రి ఫోన్ చేసి మొదటి మాటే "ఇయ్యాల బడికి పోయినవా?" అనేవాడు. పోని రోజు అది వాడికి గొడ్డలి పెట్టు, అందుకే ఫోను ఎత్తడమే మానేశాడు. దాని బదులు "ఇయ్యాల ఏం కూర పెట్టిండ్రు? ఎవరి పక్కన కూసున్నవ్?" అని అడగమన్నాను. మొదట నాన్నకు ఇది అర్థం లేని పనిలా తోచింది. కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేసి, బడి సంగతులన్నీ చెబుతున్నాడు మేడం, నేను నిద్రపోవాల్సి వస్తే కూడా వదలట్లేదు అన్నాడు.

దసరా తర్వాత

దసరాకు ముందు రెండు వారాలు చందు అన్ని రోజులూ వచ్చాడు. ఆశ్రమ పాఠశాల మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. అయితే దసరా సెలవులు పొడవు, అమ్మానాన్న ఇంటికొస్తారు, బతుకమ్మ, పండుగ, అంతా అయ్యాక వాళ్లు మళ్లీ బస్సెక్కుతారు. తిరిగి తెరిచే రోజు కష్టమవుతుందని ముందే అనుకున్నాం. పొడవు సెలవు ఏది వచ్చినా, ఇలాంటి పిల్లలకు తిరిగి తెరిచే రోజు మళ్లీ కొత్త బడిలో చేరినట్టే. అందుకే తెరిచే ముందురోజు క్లాస్ టీచర్ ఫోన్ చేసి టైంటేబులు చదివి వినిపించారు, మొదటి రోజు సైన్స్ మేడం గేటు దగ్గర నిలబడ్డారు. అయినా మొదటి మంగళవారం రాలేదు. నాయినమ్మ భయపడింది, అంతా మొదటికి వచ్చిందని. అలా కాదు, కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెడదాం, ఈసారి తొందరగా ఎక్కుతాడని చెప్పాను. గురువారం లైబ్రరీ, శనివారం పైన.

నవంబరులో పత్తి తీతకు నాయినమ్మ వెంట రెండు మూడు రోజులు పోయాడు. దాన్ని కూడా పాత ఖాతాలో వేసి కంగారుపడ్డారు స్టాఫ్. అది మంచిదని నేననను, దాని గురించి నాయినమ్మతో వేరుగా మాట్లాడాను. కానీ ఆ రోజుల్లో సోమ, బుధవారాలు కూడా ఉన్నాయి, వాడు తిరిగొచ్చిన రోజు మంగళవారం. భయంతో మానే పిల్లవాడు మంగళవారం ఎంచుకుని రాడు. సంక్రాంతి తర్వాత రిజిస్టర్లో వారాల తేడా కనిపించలేదు.

చదువు మాత్రం ఇంకా వెనకే ఉంది. తెలుగు చదవడం నెమ్మది, హిందీ అక్షరాలు ఏడాది చివరికి వచ్చాయి, ఇంగ్లీషు పేజీ పూర్తిగా వదిలేసి తెలుగు పేజీయే చూస్తాడు. బడికి రావడం మొదలైతే చదువు దానంతటదే వస్తుందని అనుకోవద్దని టీచర్లకు చెప్పాను. వాడికి విడిగా చదివించే సమయం కావాలి, ఏడో తరగతిలోనూ కావాలి.

ఇలాంటి పిల్లల కోసం ఏదైనా బడి పిలిస్తే నేనిప్పుడు మొదట అడిగేది మూడు. ఏయే వారాల్లో రాలేదో చూపే గైర్హాజరు లెక్క, గది పేర్లతో ఉన్న టైంటేబులు, వంటామెతో మాట్లాడే వీలు. దగ్గర్లో కౌన్సెలర్ లేని టీచర్లు 14416 నంబరుకు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లవాడి మీద ఇంట్లో గానీ బయట గానీ హింస జరుగుతోందని అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఆ హైస్కూలు ఏప్రిల్‌లో చుట్టుపక్కల తండాల ఐదో తరగతి పిల్లల్ని ఒక రోజు పిలిచి, తిప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపింది. బాత్రూములు, మెట్లు, మేడ మీద గది అన్నీ చూపించారు. చూపించే పని ఆరో తరగతివాళ్లదే. ఆ రోజు ఆరో తరగతి ఆడపిల్లలు ఇద్దరు క్లాస్ టీచర్ దగ్గరికొచ్చి, మేమూ బడిలో నీళ్లు తాగం టీచర్, మా బాత్రూము తలుపుకు గడియ లేదు అన్నారు. ఏడాదిగా లేదట. మర్నాడు హెడ్మాస్టర్ సార్ వడ్రంగిని పిలిపించి గడియ పెట్టించారు.